అంతర్వేది: ఇష్టాపూర్తాల సంగమక్షేత్రం

త్ర్యంబకంలో బ్రహ్మగిరిపై ఉద్భవించిన గోదావరీమాత 1,465 కిలోమీటర్ల ప్రవాహయాత్ర ముగించి సముద్రుని చేరే ముఖద్వారాలలో పశ్చిమాన ఉన్నది వశిష్ఠా సంగమం. ఆ సంగమానికి తూర్పు ఒడ్డున, కోనసీమలోని సఖినేటిపల్లి మండలంలో, శ్రీలక్ష్మీనరసింహస్వామి వెలసిన అంతర్వేది క్షేత్రం ఉంది. పశ్చిమాన వశిష్ఠానది, దక్షిణాన బంగాళాఖాతం, తూర్పున కొంత దూరంలో వైనతేయ శాఖ. ఈ మూడు జలాల మధ్య నిలిచిన దీవికి నైరుతి కొనయే అంతర్వేది.

నేడు ఈ దీవికి రెండు విధాల జనులు వస్తున్నారు. మాఘమాసంలో స్వామి కల్యాణానికీ, రథోత్సవానికీ, సాగరస్నానానికీ వచ్చే భక్తులు మొదటివారు. కొబ్బరితోటల నడుమ రెండు రోజులు విశ్రమించి, సంగమంలో సూర్యాస్తమయం చూసి, ఇసుకతీరంలో నడిచి వెళ్లే విహారయాత్రికులు రెండవవారు. వీరిలో ఎవరినీ న్యూనపరచవలసిన పని లేదు. క్షేత్రం ఇద్దరికీ ఒకే గాలి, ఒకే నీరు, ఒకే దర్శనం ఇస్తుంది. అయితే ఇద్దరికీ కలిగే సందేహం ఒకటుంది. ఇక్కడి నేల నది తెచ్చిన ఒండ్రు, సముద్రం మేట వేసిన ఇసుక. ఇప్పుడున్న ఆలయానికి రెండువందల సంవత్సరాలకు కొంచెం మించిన వయస్సు మాత్రమే. ఆ ఆలయపు రథం నిన్నమొన్నటిది. ఇట్టి చోట కృతయుగపు కథ ఎలా నిలిచింది? అనాదిత్వం ఎక్కడుంది? ఈ ప్రశ్నకు సమాధానం క్షేత్రనామంలోనే ఉన్నది.

నామవిచారణ

'అంతర్వేది' అనగా వేదికి లోపలి స్థలం. యజ్ఞశాలలో అగ్నులనూ, హవిర్ద్రవ్యాలనూ ఉంచడానికి కొలిచి సంస్కరించిన భూమి వేది. దానికి లోపలిది అంతర్వేది, వెలుపలిది బహిర్వేది. శ్రౌతకర్మలలో ఏ వస్తువు లోపల ఉండాలి, ఏది వెలుపల ఉండాలి అన్న నియమం అతి సూక్ష్మంగా చెప్పబడింది.

ఈ పదానికి భౌగోళికార్థం కూడా ఉంది. రెండు పుణ్యనదుల మధ్యనున్న భూభాగాన్ని అంతర్వేది అన్నారు. గంగాయమునల నడిమి దేశానికి ఈ పేరు ప్రసిద్ధం. గుప్తచక్రవర్తి స్కందగుప్తుని కాలపు ఇండోర్ తామ్రశాసనం ఆ ప్రాంతాన్ని అంతర్వేది విషయమనే పేర్కొన్నది. ఆ శాసనం గుప్తశకం 146వ సంవత్సరానిది, అనగా క్రీస్తుశకం ఐదవ శతాబ్దం ఉత్తరార్ధానిది. నదుల మధ్య భూమిని యజ్ఞవేదిగా భావించిన దృష్టి అంత ప్రాచీనం. వశిష్ఠా వైనతేయల నడుమనున్న ఈ దీవికి ఆ పేరు రావడంలో భౌగోళికార్థం కూడా చక్కగా అన్వయిస్తుంది.

స్థలపురాణం యజ్ఞార్థాన్నే చెబుతుంది. పరమశివుని పట్ల చేసిన అపచారానికి ప్రాయశ్చిత్తంగా చతుర్ముఖ బ్రహ్మ రుద్రయాగం చేయదలచి, ఈ ప్రదేశాన్ని యాగవేదికగా ఎన్నుకొన్నాడనీ, నీలకంఠేశ్వరుని ఇక్కడ ప్రతిష్ఠించాడనీ, అందుచేత ఇది అంతర్వేది అయిందనీ ఐతిహ్యం. విష్ణుక్షేత్రంగా పేరు గడించిన ఈ తీర్థానికి మూలం ఒక శైవయాగం కావడం గమనింపదగినది. నరసింహుని దర్శించినవారు నీలకంఠేశ్వరుని కూడా దర్శించి వెళ్లడం ఇక్కడి ఆచారం. హరిహరులకు భేదం చూసేవానికి ఈ క్షేత్రంలో అడుగడుగునా సమాధానం లభిస్తుంది.

వేదికి సంబంధించిన మరొక శాస్త్రవిషయం ఈ చరిత్రకు తాళపుచెవి వంటిది. స్మృతి వ్యాఖ్యాతలు ధర్మకార్యాలను ఇష్టమనీ, పూర్తమనీ రెండుగా విభజించారు. అగ్నిహోత్రాది యజ్ఞకర్మలు, అంతర్వేదిలో ఋత్విక్కులకిచ్చే దక్షిణలు ఇష్టం. నూతులు, చెరువులు, దేవాలయాలు, సత్రాలు, తోటలు, అన్నదానాలు మొదలైనవి పూర్తం. ఇష్టం అంతర్వేదికి చెందినది, పూర్తం బహిర్వేదికి చెందినది. మొదటిది దేవతలనుద్దేశించి అగ్నిముఖంగా సాగుతుంది. రెండవది సర్వప్రాణులను ఉద్దేశించి భూమిమీద సాగుతుంది. తైత్తిరీయ సంహితలో యూపస్తంభాన్ని ఎక్కడ నిలపాలన్న విచారణ వస్తుంది. వేదికి లోపల నిలిపితే దేవలోకజయం, వెలుపల నిలిపితే మనుష్యలోకజయం కలుగుతాయనీ, ఉభయలోకాల కొరకు వేది అంచున, సంధిలో నిలపవలెననీ అక్కడి నిర్ణయం. భూమికీ సముద్రానికీ సంధిలో ఉన్న అంతర్వేది చరిత్రను ఈ దృష్టితో చదివితేనే దాని అర్థం తెరుచుకొంటుంది.

స్థలపురాణ సంగ్రహం

హిరణ్యాక్షుని కుమారుడు రక్తవిలోచనుడు గోదావరీతీరంలో చిరకాలం తపస్సు చేసి శివుని మెప్పించాడు. యుద్ధంలో తన శరీరం నుండి చిందిన రక్తం ఎన్ని ఇసుకరేణువులను తడుపుతుందో, అంతమంది తనవంటి బలవంతులు పుట్టవలెనని వరం కోరాడు. వరగర్వంతో లోకాలను పీడిస్తున్న వానిని, వశిష్ఠునిపై వైరం పూనిన విశ్వామిత్రుడు ప్రేరేపించగా, అతడు వశిష్ఠుని నూరుగురు పుత్రులను సంహరించాడు. పుత్రశోకంలో మునిగిన మహర్షి శపించలేదు, ప్రతిహింసకు పూనుకోలేదు. శ్రీహరిని శరణు వేడాడు. స్వామి లక్ష్మీసమేతుడై గరుడవాహనంపై వచ్చి సుదర్శనాన్ని ప్రయోగించాడు.

కానీ ఇది ఇసుకనేల. చక్రం ఖండించినకొద్దీ రక్తబిందువులు రేణువులను తాకి కొత్త రాక్షసులు పుట్టుకొచ్చారు. అప్పుడు స్వామి తన మాయాశక్తిని ఆవిర్భవింపజేశాడు. ఆమెయే అశ్వారూఢాంబిక. ఆ తల్లి తన నాలుకను విశాలంగా చాచి ఒక్క చుక్క కూడా నేలపై పడనీయకుండా నిలిపింది. రాక్షసుడు హతుడైన తరువాత ఆ రక్తం ప్రవాహంగా విడువబడి రక్తకుల్య అయింది. స్వామి తన ఆయుధాన్ని కడిగిన చోటు చక్రతీర్థమయింది. అటుపిమ్మట వశిష్ఠుని ప్రార్థన మేరకు స్వామి లక్ష్మీసమేతుడై ఇక్కడే నిలిచాడు. ఆలయంలో స్వామి పశ్చిమాభిముఖుడై దర్శనమిస్తాడు.

ఈ కథ ఏ పర్వతశిఖరం మీదనైనా జరిగి ఉండవచ్చును కదా అని అడగరాదు. రాక్షసుని వరం ఇసుకపై ఆధారపడినది. లెక్కపెట్టలేని రేణువులున్న సముద్రతీరమే ఆ వరానికి సంపూర్ణబలం ఇస్తుంది. అంతరార్థం కూడా ఈ ఇసుకలోనే ఉంది. క్రోధాన్ని క్రోధంతో కొట్టినప్పుడు అది చిందిన ప్రతిచోటా మళ్లీ మొలకెత్తుతుంది. విశ్వామిత్రుని అసూయ రక్తవిలోచనునిలో మొలిచింది. వశిష్ఠునిలో మొలవలేదు. క్రోధాన్ని నేల తాకనీయకుండా మ్రింగి, నీటిలో విడిచి శాంతింపజేసే తల్లి ఒకరుండాలి. ఆ తల్లిని స్థానికులు గుర్రాలక్క అని ఆత్మీయంగా పిలుస్తారు. ఆమె స్వామికి సోదరిగా పూజలందుకొంటున్నది. గ్రంథంలోని అశ్వారూఢాంబిక, జనుల నోట గుర్రాలక్క కావడంలో శాస్త్రం, లోకం ఒకరి చేయి ఒకరు పట్టుకొని నడిచిన తీరు కనిపిస్తుంది.

దీవి పుట్టుక

ధవళేశ్వరం వద్ద గోదావరి గౌతమి, వశిష్ఠ అని రెండు ప్రధానశాఖలుగా చీలుతుంది. వశిష్ఠ నుండి వైనతేయ వేరై, బెండమూర్లంక దిశగా సాగి సముద్రంలో కలుస్తుంది. వశిష్ఠకూ వైనతేయకూ మధ్యనున్న రాజోలు ప్రాంతమంతా దీవియే. ఆంగ్లేయుల కాలపు నీటిపారుదల గ్రంథాలలో దీనిని నగరం దీవిగా వ్యవహరించారు. సప్తర్షుల పేర వెలసిన సప్తగోదావరీ భావన ఈ శాఖల మీదనే నిలిచింది. తుల్యభాగ, ఆత్రేయ, గౌతమి, భరద్వాజ, కౌశిక, జమదగ్ని, వశిష్ఠలు ఏడు పాయలు. కొన్ని నేటికీ నిండుగా పారుతున్నాయి. కొన్ని పూడిపోయి సన్నని కాలువలుగా మిగిలాయి. నది తన మార్గాన్ని మార్చుకొన్నా ఋషుల పేర్లు మాత్రం మారలేదు.

ఈ దీవిపై జనావాసం నిన్నటిది కాదని చెప్పే సాక్ష్యం ఆదుర్రులో ఉన్నది. మామిడికుదురు మండలంలో, వైనతేయ ఒడ్డున ఉన్న ఆ గ్రామంలో ఒక బౌద్ధ మహాస్తూపం బయల్పడింది. గ్రామస్థులు దుబరాజు గుడి అని పిలుచుకొన్న ఆ దిబ్బను కేంద్ర పురావస్తుశాఖ 1953లో త్రవ్వించింది. నదీముఖంలో, నావలు ఆగే చోట వెలసిన బౌద్ధారామం అది. అశోకుని పుత్రిక సంఘమిత్ర సింహళయాత్రలో ఇక్కడ ఆగిందని స్థానిక కథనం. కథనం ఎట్లున్నా, ధర్మాన్ని సముద్రమార్గాన తీసికొనిపోయిన వారికీ, వర్తకానికి వచ్చినవారికీ ఈ దీవి ఒక మజిలీగా ఉండేదని ఆ స్తూపం చెప్పకయే చెబుతున్నది.

నావలు, వర్తకం, ఆలయం

అంతర్వేదికి ఎదురుగా, వశిష్ఠ ఆవలి ఒడ్డున కొంచెం ఎగువగా నరసాపురం ఉంది. పదిహేడవ శతాబ్దంలో నౌకానిర్మాణానికీ, మరమ్మతులకూ అది ప్రసిద్ధిగాంచిన రేవు. ఐరోపా వర్తకుల ఓడలు సయితం అక్కడికి వచ్చి బాగుచేయించుకొనేవి. డచ్చివారు పాలకొల్లులో, ఆంగ్లేయులు నరసాపురం చెంత మాధవాయపాలెంలో వర్తకస్థావరాలు నెలకొల్పారు. అక్కడి నేతవస్త్రానికి మాధవాయపాలెం పేరే ఐరోపాలో స్థిరపడి, మడపొల్లం అనే గుడ్డగా నేటికీ వాడుకలో ఉంది. ఇంజరం, బెండమూర్లంకలలో కూడా ఆంగ్లేయ స్థావరాలుండేవి. 1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ ఈ మూడింటినీ వశపరచుకొన్నాడు. రెండు విదేశీ కంపెనీల మధ్య జరిగిన ఆ పెనుగులాట అనంతరం ఉత్తరసర్కారులు క్రమంగా ఆంగ్లేయుల పాలనలోకి వెళ్లాయి.

ఆ వర్తకసౌధాల జాడలు నేడు వెదకినా దొరకడం కష్టం. అదే బెండమూర్లంక నుండి వచ్చిన ఒక నౌకావర్తకుడు కట్టించిన ఆలయం మాత్రం నిలిచి ఉన్నది. ఆయన పేరు కొపనాతి కృష్ణమ్మ. సముద్రంపై జీవించే అగ్నికులక్షత్రియ వంశంలో జన్మించి, ఓడలు నడిపి ధనం ఆర్జించిన భక్తుడు. అంతర్వేదిలో అంతకుముందున్న ఆలయం శిథిలం కాగా, ఆయన చేయించిన నిర్మాణం 1823లో పూర్తయింది. ఇప్పుడు భక్తులు దర్శించే ఆలయం అదే. స్వామి విగ్రహం ఒక పుట్టలో ఉన్నదని, గోవు ఆ పుట్టపై క్షీరధార కురిపించగా కేశవదాసు అనే పశువుల కాపరి గుర్తించాడని ఒక జనశ్రుతి. వెలికి తెచ్చినవాడు పశుపాలకుడు, ఆలయం కట్టించినవాడు నావికుడు, వంశపారంపర్య ధర్మకర్తలు నది ఆవలి మొగల్తూరు రాజవంశీయులు. ఒక్కొక్క కులం, ఒక్కొక్క వృత్తి తన వంతు సేవను ఈ క్షేత్రానికి అర్పించిన తీరు ఇది.

నావికునికి ఆలయం కేవలం పుణ్యస్థానం కాదు. నదీముఖాల వద్ద ఇసుకతిన్నెలు ఏటా స్థానం మారుస్తాయి. గాలి మారితే ఓడ లోతులేని చోట తగిలి విరిగిపోతుంది. అట్టి తీరంలో గోపురశిఖరం కనబడితే ఒడ్డు దగ్గరపడిందని ప్రాణం లేచివస్తుంది. నేడు అంతర్వేది తీరంలో ఉన్న దీపస్తంభం రాత్రివేళ మత్స్యకారులకు చేసే ఉపకారం అదే.

క్షామం, ఉప్పెన, ఆనకట్ట

ఆలయం పూర్తయిన తరువాతి రెండు దశాబ్దాలు గోదావరీమండలానికి అత్యంత దారుణకాలం. 1832-33 నాటి మహాక్షామంలో ఊళ్లకు ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. 1839 నవంబరులో కోరంగి తీరాన్ని తాకిన తుపాను ఉప్పెన ఓడలనూ, గ్రామాలనూ మింగివేసింది. రాజమహేంద్రవరం జిల్లా జనసంఖ్య 1821లో సుమారు 7 లక్షల 38 వేలు ఉండగా, 1841 నాటికి 5 లక్షల 61 వేలకు పడిపోయింది. ఇరువది ఏళ్లలో దాదాపు నాల్గవ వంతు జనం లేకుండాపోయారు. గోదావరి ప్రక్కనే పారుతున్నా, వేసవిలో తాగడానికీ, పంటకూ నీరు అందని దురవస్థ అది.

ఈ స్థితిని మార్చినది ధవళేశ్వరం ఆనకట్ట. సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో ప్రారంభమై 1852లో పూర్తయింది. అయినను ఆ నీరు రాజోలు దీవికి చేరదు. మధ్యలో వైనతేయ అడ్డుగా ఉన్నది. దానిని దాటించడానికి పి.గన్నవరం వద్ద 49 కమానుల అక్విడెక్టును హేగ్ అనే ఇంజనీరు 1850 దశకారంభంలో నిర్మించాడు. క్రింద ఒక నది సముద్రానికి పోతుంటే, పైన మరొక నదీజలం కాలువగా దీవిలోని పొలాలకు పోయేది. ఇప్పుడు దాని చెంతనే నిర్మించిన కొత్త అక్విడెక్టు ఆ పని చేస్తున్నది. కోనసీమ అనగానే కన్నుల ముందు నిలిచే వరిచేలు, కొబ్బరితోటలు, అరటితోటలు, కాలువగట్లు చాలావరకు ఆ నీటి ఫలమే. విహారయాత్రికుడు ప్రకృతిసౌందర్యమని భావించే దృశ్యంలో సగం మానవశ్రమ.

గోదావరీతీరంలో కొందరు పురోహితులు స్నానసంకల్ప సమయంలో కాటన్ దొరను స్మరించే ఆచారం ఉంది. పరదేశీయుని, అన్యమతస్థుని సంకల్పంలో స్మరించడం శాస్త్రసమ్మతమా అని ప్రశ్నించేవారున్నారు. పూర్తకర్మకు శాస్త్రం కులాన్ని, దేశాన్ని అడ్డు చెప్పలేదు. జలదాత స్మరణీయుడు. యజ్ఞాధికారానికి నియమాలున్నాయి, కానీ దాహార్తునికి నీరిచ్చే అధికారం సర్వులకూ ఉన్నది. ఆ స్మరణ చేసిన పండితులు ఈ వివేకాన్ని ఎరిగినవారే.

ఆపదలు అంతటితో తీరలేదు. 1986 ఆగస్టులో వచ్చిన వరద ధవళేశ్వరం వద్ద నమోదైనవాటిలో అత్యధికం, సుమారు 35 లక్షల క్యూసెక్కులు. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి తుపాను కోనసీమను నేలమట్టం చేసింది. వేయిమందికి పైగా మరణించారు. తరాలుగా పెంచిన కొబ్బరిచెట్లు ఒక్క రాత్రిలో కూలిపోయాయి. కొబ్బరి మొక్క నాటినవాడు ఫలం చూడడానికి ఏళ్లు పడుతుంది. అది తెలిసియు జనులు మళ్లీ నాటారు. నేటి తోటలలో అనేకం ఆ తరువాత నాటినవే.

మాఘోత్సవం

సప్తగోదావరీ ముఖాలన్నింటా స్నానమాచరించే సప్తసాగరయాత్ర ఈ ప్రాంతపు ప్రాచీనాచారం. పుష్య బహుళ అమావాస్యనాడు, అనగా చొల్లంగి అమావాస్యనాడు, కాకినాడ సమీపంలోని చొల్లంగిలో యాత్ర ప్రారంభమవుతుంది. ఒక్కొక్క సంగమంలో స్నానం చేసుకొంటూ తీరం వెంట పడమరగా వచ్చి, మాఘశుద్ధ ఏకాదశికి అంతర్వేదిలో ముగిస్తారు. సంతానార్థులు విశేషంగా ఈ యాత్ర చేసేవారు. పుత్రశోకంలో మునిగిన వశిష్ఠునికి స్వామి ప్రత్యక్షమైన చోట, సంతానకాములు తమ యాత్ర ముగించడంలో ఔచిత్యం ఉన్నది.

మాఘశుద్ధ సప్తమి, అనగా రథసప్తమి మొదలు బహుళ పాడ్యమి వరకు స్వామివారి బ్రహ్మోత్సవాలు. దశమి రాత్రి కల్యాణం. మరునాడు భీష్మ ఏకాదశినాడు రథోత్సవం. పూర్ణిమనాడు సముద్రస్నానం. రథం గుర్రాలక్క ఆలయం చెంతకు చేరినప్పుడు స్వామి తరపున సోదరికి చీరె, సారె సమర్పిస్తారు. కల్యాణమైన అన్న ఇంటి ఆడపడుచును మరువరాదన్న తెలుగు గృహస్థధర్మం ఇక్కడ ఉత్సవాంగం అయింది. రక్తబిందువులను నాలుకపై ధరించిన ఆ తల్లి ఋణం ఏటా ఒక చీరెతో తీరేది కాదు. తీరదని తెలిసే ఏటా సమర్పిస్తారు.

రథదహనం, పునర్నిర్మాణం

2020 సెప్టెంబరు 5వ తేదీ అర్ధరాత్రి దాటిన తరువాత, షెడ్డులో ఉన్న స్వామివారి టేకురథం అగ్నికి ఆహుతైంది. ఆరు దశాబ్దాలుగా కోనసీమ భక్తులు లాగిన రథం తెల్లవారేసరికి బొగ్గుగా మిగిలింది. రాష్ట్రమంతటా ఆవేదన, ఆగ్రహం చెలరేగాయి. రాష్ట్రప్రభుత్వం దర్యాప్తును సీబీఐకి అప్పగించాలని నిర్ణయించింది. ఎవరికి తోచిన నింద వారు వేసుకొన్న దినాలవి.

ఆ దినాలలో స్థలపురాణాన్ని స్మరించినవారికి ఒక హెచ్చరిక కనబడి ఉంటుంది. ఇసుకపై చిందిన ఒక్కొక్క రక్తబిందువు ఒక్కొక్క రాక్షసుడైన చోటు ఇది. అపరాధిని విచారించి శిక్షించడం రాజధర్మం. దానిని రాజ్యం నిర్వర్తించవలసిందే. కానీ భక్తుని ధర్మం మరొకటి. జీర్ణమైన దానిని, దగ్ధమైన దానిని, భిన్నమైన దానిని తిరిగి నిలబెట్టడం. నూతననిర్మాణం కంటె జీర్ణోద్ధరణ అధికఫలప్రదమని ఆగమసంప్రదాయం చెబుతుంది. నూతననిర్మాణంలో కర్తకు కీర్తికాంక్ష ఉండవచ్చు. ఉద్ధరణలో పూర్వుల సంకల్పాన్ని తనదిగా స్వీకరించే వినయం కావాలి.

అదే జరిగింది. దారువు తెచ్చి, శిల్పులు రేయింబవళ్లు శ్రమించి, కొన్ని నెలల్లోనే కొత్త రథాన్ని సిద్ధం చేశారు. 2021 ఫిబ్రవరిలో, మాఘోత్సవానికి, ఆ రథంపైనే స్వామి ఊరేగాడు. ఒక్క సంవత్సరం కూడా రథోత్సవం ఆగలేదు. దగ్ధమైన రథం కూడా అంతకుముందు మరొక తరం చేయించినదే. కఠోపనిషత్తు శరీరాన్ని రథంతో పోల్చింది. రథి నిత్యుడు, రథం అనిత్యం. అయితే రథం అనిత్యమని దానిని చేయించకుండా కూర్చున్నవాడు వేదాంతి కాడు, సోమరి.

దర్శనీయస్థలాలు

అంతర్వేదికి వచ్చినవారు ప్రధానాలయ దర్శనానంతరం నీలకంఠేశ్వరాలయాన్ని, గుర్రాలక్క ఆలయాన్ని దర్శించాలి. పద్మాకారంలో నిర్మించిన వశిష్ఠాశ్రమంలో కొంతసేపు మౌనంగా కూర్చోవడం సాధకులకు హితం. అక్కడినుండి తీరం వెంట వెళితే నది సముద్రాన్ని చేరే చోటు కనిపిస్తుంది. దానిని అన్నాచెల్లెళ్ల గట్టు అంటారు. ఒకవైపు గోదావరి మట్టిరంగు, మరొకవైపు సముద్రపు తేటరంగు కొంతదూరం కలిసీ కలియకుండా సాగుతాయి. వరదకాలంలో ఈ భేదం మరింత స్పష్టం. పల్లిపాలెంలో మత్స్యకారుల పడవలు, ఎండబెట్టిన వలలు, తెల్లవారుజామున చేపల రాక చూడవచ్చు.

నరసాపురం నుండి వచ్చేవారు వశిష్ఠను పంటుపై దాటి సఖినేటిపల్లి రేవులో దిగుతారు. మనుష్యులు, మోటారుసైకిళ్లు, కార్లు, కొబ్బరికాయల బస్తాలు ఒకే పంటుపై నది దాటే దృశ్యం ఈ దీవి జీవనానికి దర్పణం. పాలకొల్లు వైపునుండి చించినాడ వంతెన మీదుగా, అమలాపురం వైపునుండి వైనతేయ వంతెన మీదుగా కూడా చేరవచ్చు. దిండి వద్ద వశిష్ఠాతీరంలో విడిదిగృహాలు, పడవ ఇళ్లు ఉన్నాయి. అదే దీవిలో వైనతేయ ఒడ్డున అప్పనపల్లి బాలబాలాజీ ఆలయం, ఆదుర్రు స్తూపం చూడదగినవి. ఒక దీవిలో నరసింహుడు, నీలకంఠుడు, గ్రామదేవత, వేంకటేశ్వరుడు, తథాగతుని స్తూపం ఉండడం ఈ నేల ఔదార్యానికి సాక్ష్యం.

నేటి కర్తవ్యం

ఈ తీరం నేడు కోతకు గురవుతున్నది. నది ఏటా తెచ్చే ఒండ్రు వల్ల డెల్టా సముద్రంలోకి పెరగడం, అలలు దానిని కొంత తీసికొనిపోవడం సహజం. గత కొన్ని దశాబ్దాలలో గోదావరిపైనా, ఉపనదులపైనా కట్టిన జలాశయాలలో ఒండ్రు నిలిచిపోయి, సముద్రముఖానికి చేరేది బాగా తగ్గింది. ఇచ్చేది తగ్గి, పోయేది తగ్గకపోతే భూమి క్షయిస్తుంది. దానికితోడు మడచెట్లను నరికి చెరువులుగా మార్చిన చోట అలలకు అడ్డే లేకుండాపోయింది. మడవేళ్లు ఒండ్రును పట్టి నిలుపుతాయి. సరుగుడు తోటలు ఇసుకను, గాలిని ఆపుతాయి. ఈ వృక్షాలే తీరానికి ప్రాకారాలు.

ఇక్కడ ఒక విచారణ అవసరం. ఆనకట్ట పూర్తకర్మ అయినప్పుడు, జలాశయాల వలన తీరం కోసుకొనిపోతే అది పాపమా? నీరు నిలుపుట దోషం కాదు. ఎగువవానికి ఉపకారం చేసేటప్పుడు దిగువవానిని మరచుట దోషం. పూర్తం సర్వభూతహితం కోసం విధింపబడింది. ఒక తరంలో చేసిన మేలులో మిగిలిన లోటును తరువాతి తరం పూరించాలి. పూర్తమన్న పదానికి పూరించుట అనియే అర్థం. కొపనాతి కృష్ణమ్మ శిథిలాలయాన్ని పూరించాడు. ఆనకట్ట కట్టినవారు దాహాన్ని పూరించారు. 1996 తరువాత రైతులు తోటలను పూరించారు. 2021లో శిల్పులు రథాన్ని పూరించారు. తీరాన్ని పూరించవలసిన వంతు ఇప్పటివారిది.

యాత్రికుని భాగం చిన్నదే, కానీ ఉన్నది. సంగమంలో ప్లాస్టిక్ సంచులను, విడిచిన వస్త్రాలను వదలకుండుట, మడచెట్లను, సరుగుడును నష్టపరచకుండుట, వీలయితే అన్నదానానికో, మొక్కల పెంపకానికో కొంత సమర్పించుట. సముద్రస్నానం చేసి ఒడ్డును మలినపరచి వెళ్లినవానికి ఇష్టఫలం దక్కినా, పూర్తం లోపిస్తుంది. విహారానికి వచ్చి తీరాన్ని పరిశుభ్రంగా ఉంచి వెళ్లినవాడు తనకు తెలియకనే పూర్తం ఆచరించినవాడు అవుతాడు.

ప్రారంభంలో కలిగిన ప్రశ్నకు ఇప్పుడు సమాధానం చెప్పవచ్చు. అంతర్వేదిలో ఒండ్రు అనాది కాదు, గోడలు అనాది కావు, రథం అనాది కాదు. యజ్ఞవేదిని కూడా ప్రతి యాగానికీ మళ్లీ కొలిచి, మళ్లీ సంస్కరించి నిర్మిస్తారు. యాగం ముగిసిన తరువాత ఆ వేది నిలవదు. అయినా వేదిని ఎవరూ కొత్తదనరు. విధి అనాది కనుక వేది అనాది. అటులే ఈ క్షేత్రంలో స్వామి సన్నిధి అనాది, ఆ సన్నిధికి చోటు సిద్ధపరచే బాధ్యత తరతరానిది. యూపం వలె సంధిలో నిలిచిన ఈ దీవి, లోపల దేవునికీ వెలుపల ప్రాణికోటికీ ఏకకాలంలో చేయి చాచి ఉన్నది. దర్శనానికి వచ్చినా, విహారానికి వచ్చినా, ఆ రెండు చేతులనూ గుర్తించి వెళ్లినవాని యాత్ర సఫలం.

శ్రీలక్ష్మీనరసింహార్పణమస్తు. స్వస్తి.